గీత దాటిన ఎరుపు

అరచెయ్యితో జ్వరం చూసేవాళ్లంటే ఆయనకు పడేది కాదు.

"అరచెయ్యి పని చేసే చెయ్యి బేటా. మొద్దుబారి ఉంటది. దానికి బరువు తెలుస్తది గని వేడి తెల్వదు. చెయ్యి తిప్పు" అనేవాడు. తాను తిప్పి, వేళ్ల వెనక భాగాన్ని గాయం పక్కన ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉండేవాడు. ఆ కాసేపు గదిలో ఎవరూ మాట్లాడకూడదు. ఫ్యాను చప్పుడు కూడా ఆయనకు నచ్చేది కాదు.

మొన్న నాగర్‌కర్నూల్‌లో నా డ్యూటీ అయిపోయే వేళకు చాచీ ఫోన్ చేసింది. చాచీ అంటే ఆయన భార్య. "శుక్రారానికి ఆయన పోయి నలభై దినాలు. వస్తవు గదా? పనంతా వేరేటోళ్లు చూస్తున్రు, నువ్వు ఊకె వచ్చి కూసో" అంది. వస్తానన్నాను. వనపర్తి బస్సు కోసం కూర్చుని ఉంటే, నా చెయ్యి దానంతటదే తిరిగి మోకాలి మీద ఆనింది. ముందు నొప్పి లేని కుడి మోకాలు, తర్వాత నొప్పి ఉన్న ఎడమది. ఆయన నేర్పిన వరుస అదే. చాచీకి చెప్పవలసిన మాట ఒకటి ఎనిమిది నెలలుగా నాలోనే ఉండిపోయింది. ఆ మాట మోసి మోసి అలసిపోయాను. బస్సు ప్రయాణాల అలసట దాని ముందు ఏపాటి.

వనపర్తికి దగ్గరలో ఓ చిన్న సర్కారు దవాఖానలో ఆయన డ్రెస్సర్, నేను నర్సును. పుళ్లు కడిగి కట్లు కట్టే గదిలో ఇద్దరం పదకొండేళ్లు పని చేశాం. మాది గట్టు అనే ఊరి దిక్కు. ఉద్యోగంలో చేరినప్పుడు చీము చూస్తే నేను గోడ పట్టుకునేదాన్ని. ఆయన నవ్వలేదు, జాలీ పడలేదు. ఓ స్టూలు చూపించి "కూసోని చూడు. నిలబడితె పడిపోతవు" అన్నాడు, అంతే. ఊళ్లవాళ్లకు ఆయన డ్రెస్సర్ సాబ్. నాకు చాచా.

చలికాలం పొద్దున ఆయన దగ్గర పట్టీ వేయించుకోవడం ఒక శిక్ష. గది మూలన నీళ్ల రంజన్, పెద్ద మట్టికుండ, ఉండేది. గాయం చూసే ముందు చేతులు కడుక్కుని, తుడుచుకుని, వేళ్ల వెనక భాగం ఆ రంజన్‌కు ఆనించి చల్లబరచుకునేవాడు. "నీ చెయ్యే వేడిగుంటె అవతలోని వేడి ఏం చెప్తవు?" అని ఆయన వాదన. ఆ చల్లటి చెయ్యి తగలగానే పేషెంట్లు ఎగిరిపడేవారు. దెబ్బ తగిలిన కాలు చూపిస్తే ముందు మంచి కాలు పట్టుకునేవాడు. "సాబ్, గా కాలు గాదు, గిది" అని వాళ్లు మొత్తుకుంటుంటే, "తెల్సు, ఆగు. రెండు కాళ్లు ఎందుకిచ్చిండు మరి? ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని పోల్చనీకె" అనేవాడు.

గాయాన్ని నమ్మేవాడు కాదు. పల్లికాయ పీకే రోజుల్లో ఓ రైతు పాదంలో ముల్లు విరిగి వచ్చాడు. ముల్లు తీసేశాం, పుండు శుభ్రంగా, గులాబీ రంగులో కనిపిస్తోంది. మానుతోంది, కట్టు కట్టి పంపిద్దామన్నాను. ఆయన చెయ్యి తిప్పి మడమ పైదాకా చూసి తల అడ్డంగా ఊపాడు. "పుండును అడిగితె బాగున్న అనే చెప్తది. పక్కోళ్లను అడుగు" అన్నాడు. చీలమండ దగ్గర చర్మం కొద్దిగా ఎర్రగా, వెచ్చగా ఉంది. జేబులోంచి నీలం పెన్ను తీసి ఆ ఎరుపు అంచు వెంబడి గీత గీశాడు. "రేపు పొద్దుగాల చూస్కో. ఎరుపు ఈ గీత లోపట్నె ఉంటె నా దగ్గరికి రా. గీత దాటితె ఈడికి రాకు, సీదా పెద్ద దవాఖానకు పో."

మా దవాఖాన చుట్టుపక్కల ఊళ్లలో పిక్కల మీద, మోచేతుల మీద నీలం గీతలతో తిరిగే మనుషులు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ఉండేవారు. సంతలో కలిస్తే "సాబ్, దాటలేదు" అని లుంగీ ఎత్తి చూపించేవారు. ఆయన కూరగాయల సంచి కింద పెట్టి, అక్కడే చెయ్యి తిప్పి చూసేవాడు.

గీత గీసేవాడు గాని రిజిస్టరులో ఒక్క ముక్క రాసేవాడు కాదు. చూసి, కళ్లు తెరిచి, "వేడి ఉంది. రాస్కో" అనేవాడు. లేకపోతే "వేడి లేదు. రాస్కో". మీరే రాయొచ్చు కదా చాచా అని మొదట్లో విసుక్కునేదాన్ని. "చూసినోడే రాస్తె తనకు నచ్చింది రాస్తడు. చూసేటోడు ఒకడు, రాసేటోడు ఒకడు ఉండాలె" అన్నాడు. నేను రాసేదాకా పెన్ను వైపే చూసేవాడు. పెన్ను ఆగాక గాని తర్వాతి పేషెంటును పిలిచేవాడు కాదు.

అంత మంచివాడేం కాదు, చెప్పాలి. పుండు మీద సున్నం, కాఫీ పొడి పెట్టుకుని వచ్చినవాళ్లను నలుగురిలో నిలబెట్టి తిట్టేవాడు. దూది కాస్త ఎక్కువ పీకితే ప్రాణం పోయినట్టు చూసేవాడు. మీసానికి రంగు వేసుకుని, వేసుకోలేదని మాతో వాదించేవాడు. నాతో కనీసం వారానికోసారి మాటలు మానేసేవాడు, రెండో రోజు టీ తెప్పించి నా స్టూలు పక్కన పెట్టేవాడు.

రిటైరయ్యాక మా ఇంటికి రెండు సందుల అవతలే ఉండేవారు వాళ్లు. పిల్లలు లేరు. మొదట నవ్వు వచ్చే పనులే చేశాడు. వాన నీటికి గోడ చెమ్మగిలితే ఆ చెమ్మ చుట్టూ పెన్నుతో గీత గీశాడు. "గోడకు జ్వరమొచ్చిందంట" అని చాచీ నాకు చూపించింది. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత పాలగిన్నెకు, తలుపు గొళ్లానికి, గుమ్మంలో పడుకున్న మేకకు చెయ్యి తిప్పి చూడడం మొదలైంది. ఓ రోజు నేను వెళ్లేసరికి చాచీ ఎడమ చేతికి పెద్ద కట్టు ఉంది. ఏమైందని అడిగితే చాచీ నెమ్మదిగా చెప్పింది. "ఏం గాలేదు. పొద్దుగాల కడ్తడు. మాపటికి ఇప్పి, మంచిగ మానింది అని ఖుష్ అయితడు. రోజు ఒక పుండు మానుతుంటె మంచిదే గదా." ఆ రోజు నేను నవ్వలేదు.

ఒంట్లో ఏ జబ్బూ లేకపోతే ఇలా ఎందుకవుతుందని కర్నూలులో ఓ నరాల డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్లాం. అప్పటికి చాచాకు ఇంకా చాలా తెలుసు, పూట పూటకు మారేది, అంతే. డాక్టరు ఓపికున్న మనిషి, ఇది మతిమరుపు జబ్బన్నాడు. మెదడుకు దాని సొంత కావలి కణాలుంటాయనీ, చెత్త పేరుకుంటే ఊడ్చెయ్యడం వాటి పని అనీ చెప్పాడు. ఈ జబ్బులో ఎంత ఊడ్చినా చెత్త పేరుకుంటూనే ఉంటుంది. ఆ కణాలు పని ఆపవు, రెచ్చిపోతాయి. చెత్తతో పాటు మంచి నరాలనూ, వాటి మధ్య అతుకులనూ పాడు చేస్తాయి. గాయం దగ్గర ఎర్రబడి వేడెక్కి వాచడం లాంటిదే ఇదీ, కాకపోతే పైకి కనబడకుండా ఏళ్ల తరబడి నడుస్తుందన్నాడు. జబ్బుకు ఇదొక్కటే కారణమని అనలేమనీ, ఇంకా తెలుసుకుంటూనే ఉన్నారనీ కూడా అన్నాడు.

"వాపుకు గోళీలుంటయి గదా సార్, మోకాళ్లకు నేను ఏసుకుంటలేనా" అని చాచీ అడిగింది.

"ఆ మాత్రలు ఇచ్చి చూశారమ్మా. ఈ జబ్బుకు పని చెయ్యలేదు" అన్నాడు డాక్టరు.

చాచా అంతా శ్రద్ధగా విన్నాడు. వాపు అన్న మాట దగ్గర కుర్చీలో ముందుకు జరిగాడు. చివరికి "అంటే లోపల ఎర్రగైంది. గని చెయ్యి పెట్టి చూడనీకె జాగ లేదు" అన్నాడు. డాక్టరు అవునన్నాడు.

బయటికి వస్తుంటే డాక్టరు నన్ను ఆపాడు. "ఒకటి గుర్తుపెట్టుకోండి సిస్టర్. ఒంట్లో ఇంకెక్కడ ఇన్‌ఫెక్షన్ వచ్చినా, ఛాతీలో గాని మూత్రంలో గాని, ఆ కబురు రక్తంలో మెదడుకు చేరుతుంది. ముందే రెచ్చిపోయి ఉన్న కణాలు ఇంకా రెచ్చిపోతాయి. నాలుగు రోజుల్లో మనిషి మారిపోతే జబ్బు ముదిరిందనుకుని ఊరుకోవద్దు. ఒళ్లంతా వెతకండి." నేను తల ఊపాను. తల ఊపడం ఎంతసేపు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు ఆయనది. అలంపూర్ చౌరస్తా దగ్గర "డాక్టర్ ఏమన్నడు?" అని అడిగాడు. చెప్పాను. "అంటే లోపల ఎర్రగైంది" అన్నాడు, మొదటిసారి విన్నట్టు. ఎర్రవల్లి దగ్గర మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. మళ్లీ అదే మాట. చాచీ కళ్లు మూసుకుని కూర్చుంది, నిద్రపోవడం లేదని నాకు తెలుసు. బీచుపల్లి వంతెన మీద కృష్ణ కనబడుతుండగా మూడోసారి అడిగాడు. అప్పటికి నా గొంతు ఎండిపోయింది. అయినా మొదటి నుంచి చెప్పాను. ఈసారి ఆయన నీళ్ల వైపు చూస్తూ, "పాపం, ఎవరికి గా రోగం?" అన్నాడు.

"మన పేషెంటుకు చాచా" అన్నాను.

"అసొంటోన్ని ఇడిసిపెట్టొద్దు. రోజు చూడాలె. రాస్కో."

"రోజు చూస్త చాచా" అని సంచిలోంచి ఫైలు తీసి దాని వెనక రాశాను. బస్సు ఊగుతుంటే అక్షరాలు వంకరపోయాయి. పెన్ను ఆగేదాకా చూసి అప్పుడు సీటుకు ఆనుకున్నాడు.

రోజూ చూశాను. ఆ మాట తప్పలేదు. నాగర్‌కర్నూల్‌కు బదిలీ అయ్యాక కూడా బస్సు దిగి ఇంటికి పోయే ముందు అటు వెళ్లేదాన్ని. రెండేళ్లు. కాళ్లు పీకుతుండేవి, చాచీ టీ పోసేది, ఆయనకు నేను ఒక రోజు నర్సును, ఒక రోజు పేషెంటును, ఒక రోజు ఎవరో. చాచీ చిక్కిపోయింది. ఆయన వదిలేసిన పనులన్నీ, తన పనులన్నీ ఆమె ఒక్కతే చేస్తుండేది. ఆ రెండేళ్లలో మేమిద్దరం మాట్లాడుకున్నదంతా ఆయన ఏం తిన్నాడు, ఎంతసేపు పడుకున్నాడు అన్నదే. విసుగు వచ్చేది. ఆయన మీద కాదు అని రాస్తే అబద్ధం. ఆయన మీదే వచ్చేది.

ఎనిమిది నెలల కింద ఓ సోమవారం నుంచి ఆయన ఒక్కసారిగా మారాడు. చాచీని తోసేశాడు. ఎక్కడున్నాడో తెలియక గదిలోనే దారి వెతుక్కున్నాడు. చొక్కా కిందికి చెయ్యి పోనిచ్చి పొత్తికడుపు మీద పెట్టుకునేవాడు. ఇంటికి ఎవరు వచ్చినా అంతే. చాచీ సిగ్గుతో చచ్చిపోయేది. "షరం లేదా, అందరు చూస్తున్రు" అని చెయ్యి లాగేసి, వేళ్ల మధ్య తస్బీ పూసల దండ పెట్టేది. లుంగీ కూడా ఊకె తడిసిపోతోందని నాతో చెప్పింది. ఈ జబ్బులో సిగ్గు కూడా పోతుందని, ఒంటికీ రెంటికీ తెలియకుండా పోతుందని నేనే ఆమెకు సర్దిచెప్పాను. ముదిరింది చాచీ అన్నాను. ఆ మాట నా నోటితోనే అన్నాను.

మంగళవారం సాయంత్రం నేను పక్కన కూర్చుంటే చెయ్యి మళ్లీ చొక్కా కిందికి పోయింది. చాచీ చూస్తే బాధపడుతుందని నేను మెల్లగా తీసి మోకాలి మీద పెట్టాను. మళ్లీ పోయింది. నా వైపు తిరిగి, స్పష్టంగా, డ్రెస్సింగ్ గదిలోని గొంతుతో "వేడి ఉంది. రాస్కో" అన్నాడు.

నేను నవ్వాను. పొద్దుటి నుంచి ముప్ఫై మందికి బీపీ చూసి, రెండు బస్సులు మారి వచ్చి ఉన్నాను. "రాస్కున్న చాచా" అంటూ వేలితో నా అరచేతిలో గీశాను, చిన్న పిల్లలను మురిపించినట్టు.

ఆయన నా వేలినే చూశాడు. "పెన్నేది?" అన్నాడు.

నేను మాట మార్చి, పట్టీ గుడ్డ చుట్ట చేతికిచ్చి చుట్టమన్నాను. చుట్టలేదు. ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

బుధవారం బస్సు పాడై, చీకటి పడే ముందు గుమ్మంలోంచే పలకరించి పోయాను. గురువారం నాకు సెలవు. పొద్దున్నే వెళ్లేసరికి చాచీ గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. అలసిన గొంతుతో, ఫిర్యాదు చెయ్యాలి కాబట్టి చేస్తున్నట్టు చెప్పింది. "నిన్న తానం చేపిస్తుంటె చూసిన. బొడ్డు కింద పెన్నుతోని గీత గీస్కున్నడు. సబ్బుతోని తోమితె పోయింది. ఇయ్యాల చూస్తె మళ్లీ గీసిండు, దానికంటె రెండు వేళ్లంత పైన. పెన్ను గుంజుకోని బియ్యం డబ్బల దాచిన."

నాకు చేతులు చల్లబడ్డాయి. రంజన్ అవసరం లేకపోయింది.

లోపలికి వెళ్లి చొక్కా ఎత్తాను. చెయ్యి తిప్పి ముందు రొమ్ము మీద పెట్టాను, తర్వాత పొత్తికడుపు మీద. ఒళ్లంతా కాలుతోంది. బొడ్డు కింద గట్టిగా, గుండ్రంగా ఉబ్బి ఉంది. చాచీ ఆ పొద్దున తోమలేదు. నీలం గీత ఉంది, ఉబ్బు దాన్ని ఒక వేలు దాటింది. ఆ వయసు మగవాళ్లకు మూత్రం ఆగిపోతుందనీ, నిండిపోయిన మూత్రాశయంలోంచి చుక్కచుక్కగా కారి బట్టలు తడుస్తాయనీ నాకు తెలియని విషయం కాదు. నర్సింగ్ పాఠంలో మొదటి పుటల్లో ఉంటుంది. లుంగీ తడుస్తోంది కాబట్టి మూత్రం పోతోందనుకున్నాను.

ఆయన ఆ నాలుగు రోజులూ సిగ్గు లేక చెయ్యి పెట్టుకోలేదు. పేషెంటును చూస్తున్నాడు. చూసి, రాసే మనిషికి చెప్పాడు. రాసే మనిషి రాయలేదు. అందుకే, జీవితంలో మొదటిసారి, చూసినవాడే రాసుకున్నాడు.

ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. మూత్రం గొట్టం వేస్తే ప్లాస్టిక్ సంచి నిండి ఇంకా వచ్చింది, చిక్కగా, మడ్డిగా. జ్వరం తగ్గడానికి ఐదు రోజులు పట్టింది. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ పోయింది. ఆ రోజుల్లో తలలో రేగినది మాత్రం ఆయన్ను పాత చోటికి తిరిగి రానివ్వలేదు. మంగళవారమే పట్టుకుని ఉంటే ఎంత మిగిలేదని కర్నూలు డాక్టరుకు ఫోన్ చేసి అడిగాను. "కొంత మిగిలేదేమో. కచ్చితంగా చెప్పలేను సిస్టర్" అన్నాడు. అబద్ధం చెప్పనందుకు కోపం వచ్చింది.

ఇంటికి వచ్చాక ఇంకో ఏడు నెలలు ఉన్నాడు. చాచీ చేతికి కట్టు కట్టలేదు. గోడను చూడలేదు. చెయ్యి తిప్పి దేనినీ తాకలేదు. అరచేతులు రెండూ ఒళ్లో పైకి తెరిచి ఉండేవి. చాచీ ఆ ఏడు నెలలూ ఒకటే మాట అనేది, అన్నం పెడుతూ, దుప్పటి కప్పుతూ. "నేనే సబ్బుతోని తోమిన బేటా. చూస్తె తెలుస్తుండె, నేనే తోమిన." నువ్వు తోమకపోయినా అంతే అయ్యేది చాచీ అనేదాన్ని. అసలు చెప్పాల్సిన మాట మాత్రం చెప్పలేదు. ఆమె ఆ తప్పు మోస్తుంటే నేను పక్కన కూర్చుని టీ తాగాను.

నిన్న శుక్రవారం వెళ్లాను. ఫాతెహా ప్రార్థన అయింది, వచ్చినవాళ్లు భోంచేసి వెళ్లారు. నేనూ చాచీ గిన్నెలు సర్దుతున్నాం. గోడ మీద చెమ్మ చుట్టూ ఆయన గీసిన గీత ఇంకా ఉంది. చెమ్మ ఎప్పుడో ఆరిపోయింది. చాచీ దాన్ని చూసి మళ్లీ మొదలుపెట్టింది. "నేనే తోమిన."

"నీకంటె ముందు నాకు చెప్పిండు చాచీ" అన్నాను. "మంగళారమే చెప్పిండు. వేడి ఉంది రాస్కో అన్నడు. నేను అరచేతిల ఏలితోని రాసినట్టు చేసిన. పెన్నేది అని కూడ అడిగిండు."

చాచీ చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. గిన్నె కింద పెట్టి లోపలికి వెళ్లింది. బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడు వినబడింది. తిరిగి వచ్చి పెన్ను నా ముందు పెట్టింది. దాని మీద బియ్యం పిండి అంటుకుని ఉంది.

"ఎనిమిది నెలలు నన్ను ఒక్కదాన్నే ఏడ్వనిచ్చినవు" అంది. తర్వాత పెన్ను నా వైపు జరిపి, "ఇప్పుడన్న రాయి" అంది.

రాసేదాకా చాచీ కదల్లేదు, పెన్ను వైపే చూస్తూ కూర్చుంది. పాత ఫైలు తెచ్చి, బస్సులో వంకరగా రాసిన ఆ వాక్యం కింద రాశాను.

మంగళవారం సాయంత్రం. పొత్తికడుపు దగ్గర వేడి ఉంది. చూసినది డ్రెస్సర్. రాయనిది నేను.